ఫెన్స్ కుదిరేదాకా పాడుతూ ఉండండి

ఆదివారం ఉదయం 9 గంటల 40 నిమిషాలకు మా అత్తగారు బాత్రూమ్‌లో పాట పాడారు. ఆమె మా ఇంటికి వచ్చి అయిదు వారాలైంది. పాడటం అదే మొదటిసారి.

పాట నిమిషంన్నర సాగింది. జోలపాట. మధ్యలో ఒకసారి ఆగి, హాల్లో నా అడుగుల చప్పుడు విని, మళ్ళీ మొదలైంది. మా బాత్రూమ్ తలుపు పూర్తిగా మూసుకోదు. జానెడు దూరంలో గుమ్మానికి పట్టేసి ఆగిపోతుంది. లోపల మనిషి ఉన్న సంగతి బయటివాళ్ళకి తెలియాలంటే గొంతు ఎత్తాల్సిందే.

ఇందులో బాధపడాల్సింది ఏముంది? ఏమీ లేదు! ఇదంతా ఒక ఫెన్స్ మా కుటుంబానికి చేసిన ఉపకారం. పాఠకులారా, ఒట్టేసి చెబుతున్నాను. ఫెన్స్ కుదరని ఇల్లే ఇల్లు. ఫెన్స్ కుదిరిన ఇంట్లో తలుపులు మూసుకుంటాయి. తలుపులు మూసుకుంటే మనుషులు దూరమవుతారు. అది మీకు కావాలా?

ఫెన్స్ అంటే ఏమిటో తెలియనివారికి నాలుగు ముక్కల్లో చెబుతాను. టేబుల్ సా అని ఒక మిషన్ ఉంటుంది. బల్ల మధ్య సందులోంచి రంపం చక్రం పైకి లేచి తిరుగుతుంది. చెక్కని బల్ల మీద పెట్టి చక్రం వైపు నెట్టాలి. చెక్క వంకర పోకుండా చక్రం పక్కన ఒక లోహపు గోడ బిగిస్తారు. చెక్క అంచు ఆ గోడకి ఒరుసుకుంటూ వెళ్ళాలి. ఆ గోడే ఫెన్స్. గోడ, చక్రం సమాంతరంగా ఉంటే కోత తిన్నగా వస్తుంది. లేకపోతే చెక్క ఆ రెండింటి మధ్య ఇరుక్కుని వెనక్కి తన్నుతుంది. వెనక ఉండేది మనమే.

ఇక జరిగింది జరిగినట్టు.

ఇరవై ఆరు వారాల కిందట, వానలు పట్టినప్పుడు, బాత్రూమ్ తలుపు ఉబ్బింది. నా భార్య వీధి చివర ఉండే వడ్రంగి మేస్త్రిని పిలిచింది. ఆయన తలుపుని రెండుసార్లు ఊపి చూశాడు.

"అంచు కాస్త చిత్రిక పడితే సరిపోద్దమ్మా. టీ పెట్టండి, కాగేలోపు అయిపోతుంది" అన్నాడు.

నేను అడ్డుపడ్డాను. చిత్రిక అంటే చేత్తో తోసేది. చెయ్యి మనిషిది. మనిషి పొరపాటు చేస్తాడు. నేను ముప్పై ఒక్క ఏళ్ళు విలేకరిగా పనిచేశాను. రెండు చోట్ల అడిగి నిర్ధారించుకోకుండా ఒక్క అంకె కూడా అచ్చుకి పంపలేదు. అలాంటి నా ఇంట్లో తలుపు అంచు కంటి అంచనా మీద తెగుతుందా?

మేస్త్రి టీ తాగి వెళ్ళిపోయాడు. నేను టేబుల్ సా ఎంపిక మొదలుపెట్టాను. అయిదు వారాలు పట్టింది. మిషన్ వచ్చింది. దానితో వచ్చిన ఫెన్స్‌ని వేలితో నెడితే కదిలింది.

కదలని ఫెన్స్ ఎంపికకి పదకొండు వారాలు పట్టింది. ఇవి వృథా అయిన వారాలు అనుకునేరు! ముందువైపు మాత్రమే బిగిసే ఫెన్స్ మంచిదా, రెండు వైపులా బిగిసేది మంచిదా? ఉక్కుదా, అల్యూమినియందా? ఈ ప్రశ్నలకి జవాబు తెలియకుండా మీరు ఇన్నేళ్ళు ఎలా బతికారు? రాత్రి నిద్ర ఎలా పట్టింది?

చెక్కపని చేసేవాళ్ళ ఫోన్ గ్రూపులో చేరాను. సభ్యులు నాలుగు వేల ఆరు వందల మంది. చెక్క కోసినట్టు ఫొటో పెట్టినవారు, నేను లెక్కపెట్టినంత వరకు, పదకొండు మంది. మిగతావాళ్ళు ఫెన్స్ సర్దుతున్నారు. గ్రూపు పెద్దాయన పన్నెండేళ్ళుగా సర్దుతున్నాడు. ఆయన ఇంట్లో కుర్చీ లేదు. మెసేజీలన్నీ నిలబడే పెడతాడు.

గ్రూపులో రెండు వర్గాలున్నాయి. ఫెన్స్, చక్రం అచ్చంగా సమాంతరంగా ఉండాలంటుంది సున్నా వర్గం. వెనక చివర వెంట్రుకవాసి ఎడం ఉండాలి, అప్పుడే చెక్క ఇరుక్కోదంటుంది వెంట్రుక వర్గం. ఇద్దరి వాదనా విన్నాను. వెంట్రుక వర్గం వాదనలో పస ఉంది. కానీ విలేకరి అన్నవాడు ఇక్కడ ఒక ప్రశ్న వెయ్యాలి. ఎవరి వెంట్రుక?

గ్రూపులో ఎవరూ చెప్పలేదు. కాబట్టి ఇంట్లో కొలిచాను. నా భార్యది 0.07 మిల్లీమీటర్లు. మా అమ్మాయిది 0.08. నా దగ్గర శాంపిల్ దొరకలేదు. అత్తగారు ఊరి నుంచి వచ్చిన మూడో రోజున ఆమెని కూడా అడిగాను.

"ఏమిటీ? తలుపు బాగుచెయ్యమంటే తల వెంట్రుక అడుగుతున్నారా అల్లుడుగారూ?"

"ఒక్కటే అత్తయ్యగారూ. కొలిచి ఇచ్చేస్తాను."

"ఇచ్చేస్తే మళ్ళీ ఎక్కడ నాటుకోను?"

అయినా ఇచ్చారు. 0.05. ఇంట్లో అందరికన్నా సన్నం. అదే ప్రమాణంగా తీసుకున్నాను. అల్లుడి ఫెన్స్‌కి అత్తగారి వెంట్రుక కొలమానం కావడం ఎన్ని ఇళ్ళలో చూశారు? బంధుత్వాలు తెగిపోతున్నాయని వాపోయేవాళ్ళు వచ్చి మా ఇల్లు చూడాలి!

అప్పటికే అయిదు వారాలుగా సాగుతున్న సర్దుబాటుని అత్తగారి కొలతకి మార్చాను. అన్నీ కలిపి పది వారాలు. సన్నటి ఎడాలు కొలవడానికి డయల్ గేజ్ అనే ముల్లు గడియారం ఒకటి కొన్నాను. ఫెన్స్ వెనక చివర 0.05 ఎడం వచ్చేలా మరలు తిప్పాను. వచ్చింది. బిగించే మీట నొక్కాను. 0.2 అయింది. మీట వదిలాను. 0.05. నొక్కాను. 0.2. ఇలా నాలుగు ఆదివారాలు. ఆ తర్వాత ఫెన్స్ బల్ల మీద నిటారుగా నిలబడిందో లేదో మూలమట్టంతో చూశాను. నిలబడింది. మూలమట్టం సరైనదేనా? ఇంకో మూలమట్టం తెచ్చి చూశాను. రెండూ ఏకీభవించలేదు. మూడోది తెచ్చాను. అది తటస్థంగా ఉంది.

ఈలోగా ఇంటికి జరిగిన మేళ్ళు చూడండి.

మొదటిది చదువు. బాత్రూమ్‌లో గొంతు ఎత్తాలన్న నియమం పెట్టాక మా అమ్మాయి మూలకాల పట్టిక వల్లించడం మొదలుపెట్టింది. హైడ్రోజన్ దగ్గర లోపలికి వెళ్ళి జింక్ దగ్గర బయటికి వస్తుంది. కడుపు బాగాలేని రోజున యురేనియం దాకా వెళ్ళింది. పరీక్షలో నూటికి తొంభై ఒకటి! ట్యూషన్ పెట్టించిన ఏ తండ్రికి ఈ ఫలితం వచ్చింది?

నా భార్య పదిహేడో ఎక్కం చదువుతుంది. నేను ఆ రోజు వార్తల ముఖ్యాంశాలు చదువుతాను. మా ఇంట్లో వీటన్నిటికీ పాట అనే పేరు. "నాన్న పాట ఇంకా అవలేదా?" "ఇంకా క్రీడావార్తలు ఉన్నాయే." ఇలా మాటలు పెరిగాయి. పక్కింటివాళ్ళు పేపరు మానేశారు. ఆరున్నరకి గోడ దగ్గర నిలబడితే చాలట.

రెండోది భద్రత. మేస్త్రికి తొమ్మిదిన్నర వేళ్ళు. నాకు పది. ఇరవై ఒక్క వారాలుగా మిషన్ ఇంట్లో ఉన్నా నా గోరు కూడా చిట్లలేదు. ఎందుకంటారు? కొయ్యనివాడికి ఏదీ తెగదు! రంపాలకి ఎన్నో రక్షణ తొడుగులు వచ్చాయి. సర్దుబాటులో ఉన్న ఫెన్స్‌ని మించిన తొడుగు ఇంతవరకు రాలేదు.

మూడోది నీటి పొదుపు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

అత్తగారు వచ్చింది కళ్ళ ఆపరేషన్ కోసం. ఆసుపత్రి మా ఇంటికి రెండు వీధుల దూరం. కుడికన్ను మూడు వారాల కిందట అయింది. ఎడమకన్ను ఈ బుధవారం. ఆమె వయసు అరవై ఎనిమిది. పాఠశాలలో హెడ్ గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. ఆమె పాడరు. మూలకాలు చదవరు. ముఖ్యాంశాలు నాకే వదిలేశారు.

"నా గొంతు వాళ్ళకి వినపడితే నేను అక్కడున్నట్టు తెలుస్తుంది కదే. అది తెలియకూడదనే కదా తలుపు" అని కూతురితో అన్నారట.

కాబట్టి ఆమె ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని వెళ్ళేవారు. ఉదయం 8:40కి మా అమ్మాయి కాలేజీకి వెళ్తుంది. తొమ్మిదికి నా భార్య ఆఫీసుకి. తొమ్మిదింపావుకి నేను కూరగాయలకి. మళ్ళీ సాయంత్రం నేను నడకకి వెళ్ళినప్పుడు. మధ్యలో ఎనిమిది గంటలు.

మా అమ్మాయి ఒక రోజు వచ్చి చెప్పింది.

"నాన్నా, అమ్మమ్మ సీసాలో పొద్దున నీళ్ళు నింపి వెళ్ళాను. ఇప్పటికీ అలాగే ఉంది."

వెళ్ళి చూశాను. సీసా నిండుగా ఉంది. మర్నాడు మళ్ళీ చూశాను. నిండుగానే ఉంది. డాక్టరు ఇచ్చిన కాగితంలో నీళ్ళు బాగా తాగాలని రాసి ఉంది. కింద గీత కూడా గీశారు.

చూశారా పొదుపు? రోజుకి రెండు లీటర్లు!

ఆదివారం ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. ఇంతకు ముందు వచ్చిన నాలుగు ఆదివారాలు ఆమె ఎలా గడిపారో నేను అడగలేదు. అయిదో ఆదివారం 9:40కి పాడారు.

పాట మొదలైనప్పుడు వంటింట్లో నా భార్య స్టవ్ ఆపేసింది. అమ్మాయి పుస్తకం మూసింది. అత్తగారు బయటికి వచ్చి చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చున్నారు.

"మా అమ్మ ఎంత బాగా పాడింది!" అంది నా భార్య, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నిన్నూ నీ చెల్లెల్నీ నిద్రపుచ్చడానికి పాడిన పాటే. నాకు వచ్చింది అదొక్కటే. సాయంత్రం అయిదింటి బస్సుకి నీ చెల్లెలి దగ్గరికి వెళ్తాను."

"బుధవారం రెండో కన్ను ఉంది కదమ్మా!"

"ఒక కన్ను కనిపిస్తోందిగా. తలుపు పడిందో లేదో చూసుకోవడానికి ఒకటి చాలు."

నా భార్య నా వైపు తిరిగింది. మేస్త్రిని పిలవమంటుందని ముందే తెలుసు. అందుకే నేను ముందు మాట్లాడాను.

"ఫెన్స్ ఇవాళ కుదిరింది. ఇవాళే కోస్తాను."

అబద్ధం కాదు. తెల్లవారి ఆరింటికి మీట నొక్కాక కూడా ముల్లు 0.05 దగ్గర నిలిచింది. రెండోసారి నొక్కాను. 0.05. రెండు చోట్ల నిర్ధారణ అయింది.

11:20కి తలుపు బందుల నుంచి ఊడదీశాం. అమ్మాయి ఒక వైపు, నా భార్య ఒక వైపు పట్టుకుని మిషన్ గదికి మోశారు. గుమ్మం వెడల్పు కొలిచాను. 699 మిల్లీమీటర్లు. తలుపు కొలిచాను. 700. అంటే మిల్లీమీటరు ఎక్కువ. గాలి ఆడేందుకు ఇంకో నాలుగు తీసేస్తే మంచిది. ఫెన్స్‌ని 695 దగ్గర బిగించాను. బందుల వైపు అంచు ఫెన్స్‌కి ఆనించి, గడియ వైపు అంచు చక్రానికి వదిలాను.

కోతకి నలభై రెండు సెకన్లు పట్టింది. ఇరుక్కోలేదు. తన్నలేదు.

తలుపు వెడల్పు పైన 695.0. మధ్యలో 695.0. కింద 695.0. ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. వెంట్రుక వర్గం సంబరాలు చేసుకుంది. సున్నా వర్గం ఫొటో కోణం మీద అనుమానం వ్యక్తం చేసింది.

కింద పడిన కోత ముక్కని అమ్మాయి తీసింది. ఒక చివర రెండు మిల్లీమీటర్లు ఉంది. రెండో చివర పది.

"ఇదేంటి నాన్నా, ఒకవైపు సన్నం, ఒకవైపు లావు?"

"తలుపే వంకర. ఇన్నేళ్ళుగా వంకర తలుపుతో కాపురం చేశాం. ఫెన్స్ సరిచేసింది."

ఇప్పుడు చెప్పండి, చిత్రిక ఈ వంకరని పట్టగలిగేదా?

12:35కి తలుపు బిగించాం. మూసుకుంది. ఎక్కడా పట్టలేదు. పైన కాస్త సందు ఉంది. కింద బొటనవేలు దూరింది. గడియ తోస్తే అవతలి రంధ్రం దాకా అందలేదు. చెయ్యి వదిలితే తలుపు దానంతట అదే జానెడు తెరుచుకుంది.

అదే జానెడు.

అత్తగారు కుర్చీలోంచి చూశారు. లోపలికి వెళ్ళి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం భోజనంలో మజ్జిగ వద్దన్నారు.

3:45కి నా భార్య నాతో చెప్పకుండా మేస్త్రికి ఫోన్ చేసింది. నాలుగింటికి ఆయన వచ్చాడు. సంచిలో సుత్తి, చిత్రిక, చిన్న మేకుల పొట్లం. మిషన్ గదిలోకి తొంగి చూశాడు.

"అబ్బో! సార్, ఇది పెళ్ళికూతుర్లా ఉంది. ఎంత కోశారేమిటి దీని మీద?"

"ఒక తలుపు."

"ఇంకా?"

"ఒక తలుపే."

ఆయన బాత్రూమ్ గుమ్మం ముందు నిలబడ్డాడు. టేపు తీసి పైన కొలిచాడు. వంగి కింద కొలిచాడు. వంగడానికి మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు.

"పైన ఆరు వందల తొంభై తొమ్మిది. కింద ఏడు వందల ఏడు. గోడ కట్టినప్పుడే ఒరిగింది సార్ ఈ గుమ్మం. మొదటి మేస్త్రి ఎవడోగానీ పనివాడు. గుమ్మం ఎంత వంకరో తలుపూ అంతే వంకరగా కోసి పెట్టాడు. మీరు కింద కొలవలేదా?"

కొలవలేదు. నిలబడి కొలిచాను. కంటి ఎత్తున.

నా భార్య అంతవరకు గోడకి ఆనుకుని వింటోంది.

"వార్తకైతే రెండు చోట్ల అడుగుతారు. గుమ్మాన్ని ఒక్క చోటే అడిగారా?"

మేస్త్రి నవ్వాపుకుని తలుపు అంచు మీద వేలు నడిపాడు.

"కోత మాత్రం అద్దం సార్. కాదనను. కానీ తలుపు ఉండేది గుమ్మంలో కదా, మిషన్ మీద కాదు. కోసిన ముక్క పారేశారా?"

ముక్క అమ్మాయి గదిలో గోడకి ఆనించి ఉంది. మేస్త్రి దాన్ని తీసుకుని జిగురు రాశాడు. ఎక్కడి నుంచి కోశానో అక్కడే, సన్నం చివర పైకి వచ్చేలా అతికించి మేకులు కొట్టాడు. నేను వద్దన్నాను.

"అది మళ్ళీ పెడితే పాత తలుపే అవుతుంది కదయ్యా! మళ్ళీ పడుతుంది!"

"అవ్వదు సార్. మీ రంపం పన్ను మందం ఎంత?"

"మూడు మిల్లీమీటర్లు."

"ఆ మూడూ పొట్టయి పోయాయి కదా. ముక్క పెట్టినా అవి తిరిగి రావు. వంకర వంకరగానే ఉంది, తలుపు మూడు తగ్గింది. దీనికి కావాల్సింది అంతే."

నేను కాగితం మీద లెక్క వేశాను. పైన 697. కింద 705. రెండు చోట్లా గుమ్మం కన్నా రెండు తక్కువ. లెక్క సరిపోయింది.

"మరి ఫెన్స్?" అన్నాను.

"ఈ గోడా? మేం గైడ్ అంటాం. గైడ్ మంచిదే. నాకూ ఉంది, రెండు బిగింపులూ ఒక తిన్నటి బద్దా." ఆయన అరవేలు చూపించాడు. "ఇది పోయింది గైడ్ లేక కాదు, తొందరలో. మీకు ఆ భయం లేదులెండి."

అతుకు మీద చిత్రికతో నాలుగుసార్లు తోశాడు. జిగురు రేపటికి ఆరుతుందని, మేకులు ఇవాళే పట్టుకున్నాయని చెప్పాడు. మొత్తం పని ఇరవై రెండు నిమిషాలు. అందులో ఆరు నిమిషాలు టీకి. టీ గ్లాసు ఫెన్స్ మీద పెట్టాడు. గ్లాసు ఒరగలేదు. టీ తొణకలేదు.

4:25కి తలుపు మళ్ళీ గుమ్మంలో ఉంది. మేస్త్రి దాన్ని ఒక వేలితో నెట్టాడు. మూసుకుంది. గడియ వేసి తీసి చూపించాడు.

"పెద్దమ్మగారూ, చూసుకోండి."

అత్తగారు పెట్టె పట్టుకుని హాల్లో నిలబడి ఉన్నారు.

"నువ్వు చూశావు కదా నాయనా."

"నేను బయటి నుంచి చూశానమ్మా. గడియ లోపలి నుంచి కదా వెయ్యాలి."

అత్తగారు పెట్టె కింద పెట్టారు. మనవరాలి చేతిలోని నీళ్ళ సీసా తీసుకుని సగం తాగారు. మూత పెట్టి ఇచ్చారు.

పాఠకులారా, ఫెన్స్ అమ్మకానికి లేదు. 0.05 దగ్గరే ఉంది. కావాలంటే వచ్చి చూడొచ్చు. నేను రెండుసార్లు చూశాను.

అయిదింటి బస్సు ఏడు నిమిషాలు ఆలస్యంగా వచ్చి మా వీధి చివర ఆగి వెళ్ళిపోయింది. పెట్టె హాల్లోనే ఉంది. బాత్రూమ్ తలుపు మూసి ఉంది. 5:05కి లోపల గడియ పడిన చప్పుడు మేస్త్రితో సహా నలుగురం విన్నాం. పాట వినిపించలేదు.